ఆధునిక ప్రపంచ చరిత్రను వెనక నుంచి పునశ్చరణ చేయడం ఎలా?

తిరుపతిలో బాలాజీ కాలనీ చుట్టుపక్కల అద్దె రూముల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే వారి గోడల మీద తరచుగా ఒక పొడవాటి కాగితం కనిపిస్తుంది. ఎడమ చివర 1776, కుడి చివర 1945, మధ్యలో ఎర్ర సిరాతో ముప్ఫై నలభై సంవత్సరాలు ఉంటాయి. రోజూ దాన్ని చూస్తూ పళ్లు తోముకుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది గానీ, మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీతో 1919లో చేయించిన వర్సెయిల్స్ సంధి రెండవ ప్రపంచ యుద్ధానికి ఎంతవరకు కారణమైందన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఆ కాగితం పెద్దగా సాయపడదు. 1919 తర్వాత 1939 వస్తుందని అది చెబుతుంది. 1919 వల్లనే 1939 వచ్చిందా అన్నది చెప్పదు. "తర్వాత" అనే మాటకూ "అందువల్ల" అనే మాటకూ మధ్య ఉన్న దూరాన్ని దాటడమే ఈ సబ్జెక్టులో అసలు చదువు.

అందుచేత, పుస్తకాన్ని ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదివిన వారు రెండవసారి చివరి నుంచి మొదటికి రావాలన్నది నా సలహా. ముందుకు చదివేటప్పుడు జరిగినదంతా జరగక తప్పనిదిగానే కనిపిస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇది ఎందుకు జరిగింది, ఇంకో విధంగా జరిగే వీలుండిందా అని అడగక తప్పదు. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు కాళ్ల ముందున్న మెట్టే కనిపిస్తుంది, దిగేటప్పుడు కింద ఊరంతా కనిపిస్తుంది. మోకాళ్లలో సత్తువ ఎంతుందో కూడా దిగేటప్పుడే తెలుస్తుంది. ఈ పద్ధతికి రోజుకు రెండు గంటల చొప్పున మూడు వారాలు చాలు. డిగ్రీ విద్యార్థులకూ, గ్రూప్స్ రాసేవారికీ, సివిల్స్ మెయిన్స్ మొదటి జనరల్ స్టడీస్ పత్రంలో 18వ శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్రను ఎదుర్కోవలసిన వారికీ ఇది పనికి వస్తుంది.

పుస్తకం తెరవక ముందు

రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి, అట్లాసు ఒకటి, మీరు ఇదివరకే చదివిన పాఠ్యపుస్తకం ఒకటి దగ్గర పెట్టుకోండి. కొత్త పుస్తకం కొనవద్దు, ఎవరో ఇచ్చిన నోట్సు జిరాక్సు తీయించుకోవద్దు. పునశ్చరణ సమయంలో కొత్త పుస్తకం తెరిచినవారు దాన్ని మొదటిసారి చదవడం మొదలుపెడతారు తప్ప పునశ్చరణ చేయరు.

మొదటి రోజు ఏ పుస్తకమూ తెరవకుండా ఒక గంట కూర్చుని, 1945 నుంచి వెనక్కి మీకు గుర్తున్నదంతా రాయండి. సంవత్సరం గుర్తు లేకపోతే ఖాళీ వదిలి ముందుకు సాగండి. రాయడం అయ్యాక పాఠ్యపుస్తకంతో పోల్చి, తప్పులకు ఎర్ర గీత, మరచిపోయిన వాటికి నీలి గీత పెట్టండి. చాలామందికి ఈ కాగితం మీద 1919కీ 1933కీ మధ్య, 1815కీ 1870కీ మధ్య తెల్లగా మిగిలిపోతుంది. మీ మూడు వారాల్లో ఎక్కువ భాగం ఆ తెల్లటి చోట్లకే కేటాయించండి, ఇప్పటికే బాగా వచ్చిన బాస్టిల్ ముట్టడిని ఇంకోసారి చదువుకుని సంతోషపడవద్దు.

మొదటి నడక: 1945 నుంచి 1929 దాకా

1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది. అక్కడ బయలుదేరి హిరోషిమా, నాగసాకి (ఆగస్టు 6, 9), జర్మనీ లొంగిపోయిన మే నెల, 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన సైన్యాలు, 1943 ఫిబ్రవరిలో ముగిసిన స్టాలిన్‌గ్రాడ్ పోరు, 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్, అదే ఏడాది జూన్ 22న సోవియట్ యూనియన్ మీద జర్మనీ దాడి, ఇలా వెనక్కి త్వరగానే రావచ్చు. యుద్ధం ఎలా సాగిందన్న దాని కంటే ఎలా మొదలైందన్న దాని మీదే ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి కాబట్టి యుద్ధ రంగాల వివరాలకు రెండు రోజులకు మించి పెట్టవద్దు.

1939 సెప్టెంబరు 1 దగ్గర మాత్రం నిలబడండి. ఆ రోజు జర్మనీ పోలండ్ మీద ఎందుకు దాడి చేయగలిగింది? ఆగస్టు 23న స్టాలిన్‌తో ఒప్పందం కుదిరినందువల్ల తూర్పు దిక్కున భయం పోయింది. స్టాలిన్ ఆ ఒప్పందానికి ఎందుకు ఒప్పుకున్నాడు? 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్సు తనను పిలవకుండానే చెకోస్లోవేకియాలోని సుడేటన్ ప్రాంతాన్ని హిట్లర్‌కు అప్పగించడం చూసి, పడమటి దేశాలను నమ్ముకోవడం కంటే కాలయాపన మేలని అతడు భావించినందువల్ల. బ్రిటన్, ఫ్రాన్సు ఎందుకు తలవంచాయి? 1936 మార్చి 7న జర్మన్ సైన్యం రైన్‌లాండ్‌లో అడుగుపెట్టినప్పుడే అడ్డుకోని వారు రెండేళ్ల తర్వాత అడ్డుకోవడం మరింత కష్టమైనందువల్ల. ఈ విధంగా ప్రతి ప్రశ్నకూ "అందువల్ల" అని ముగిసే ఒక్క వాక్యం రాసుకుంటూ పోతే, బుజ్జగింపు విధానం అనే పేరు కింద పాఠ్యపుస్తకం ఇచ్చే ఆరు పాయింట్లను బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

ఈ నడకలో అతి ముఖ్యమైన మజిలీ 1933 జనవరి 30, అంటే హిట్లర్ జర్మనీ చాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయిన రోజు. "వర్సెయిల్స్ అవమానం వల్ల హిట్లర్ వచ్చాడు" అని మనలో చాలామంది రాస్తాం, నేనూ డిగ్రీలో అదే రాశాను. ఆ వాక్యం పూర్తిగా తప్పు కాదు గానీ దాన్ని ఓట్ల లెక్కలతో పరీక్షించండి. నాజీ పార్టీకి 1928 మే ఎన్నికల్లో వచ్చినవి 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. అప్పటికి సంధి మీద సంతకాలు పడి దాదాపు తొమ్మిదేళ్లయింది, అవమానం కొత్తదేమీ కాదు. 1930 సెప్టెంబరులో ఆ పార్టీకి 18.3 శాతంతో 107 సీట్లు, 1932 జూలైలో 37.3 శాతంతో 230 సీట్లు వచ్చాయి. ఈ రెండు చివరల మధ్య మారినది సంధి కాదు, 1929 అక్టోబరులో న్యూయార్కు స్టాక్ మార్కెట్ కూలడం, జర్మనీని నిలబెడుతూ వచ్చిన అమెరికా అప్పులు ఆగిపోవడం, 1932 తొలి నెలల నాటికి జర్మనీలో నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలకు చేరడం. పాత పుండు మీద కొత్త దెబ్బ పడిందన్నమాట. అంతటితోనూ ఆగకండి. 1932 నవంబరు ఎన్నికల్లో ఆ పార్టీ 33.1 శాతానికి, 196 సీట్లకు తగ్గింది. తగ్గుతున్న పార్టీ నాయకుడిని అదుపులో పెట్టుకోగలమన్న ధీమాతో పాపెన్ వంటి సంప్రదాయవాద నాయకులు అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ను ఒప్పించి పదవి ఇప్పించారు. కాబట్టి సంధి, మాంద్యం, కొందరి తప్పుడు అంచనా అనే మూడు పొరలు ఇందులో ఉన్నాయి. "ఎంతవరకు" అనే పదం ప్రశ్నలో కనిపించినప్పుడు పరీక్షకుడు ఎదురుచూసేది ఈ పొరలనే.

రెండవ నడక: సంధిని అప్పు పత్రంలా చదవడం

మన ఇళ్లలో ప్రామిసరీ నోటు చదివేటప్పుడు ఎవరు ఎవరికి ఇవ్వాలి, ఎంత, ఎప్పటిలోగా, సాక్షి సంతకం ఎవరిది అని చూస్తాం. సంధులను కూడా అదే కన్నుతో చూడండి. నోటు పుస్తకంలో ఒక్కో సంధికి ఒక పేజీ కేటాయించి, ఏ భూమి చేతులు మారింది, ఎంత సొమ్ము ఎవరి మీద పడింది, సైన్యం మీద ఏ ఆంక్షలు వచ్చాయి, సంతకం చేసినవారిలో ఎవరు మనసులో ఒప్పుకోలేదు అని రాయండి. పేజీ చివర, ఆ ఒప్పుకోనివారు దాన్ని ఎప్పుడు, ఎలా కాలరాశారో రాయండి.

వర్సెయిల్స్ పేజీ ఇలా ఉంటుంది. ఆల్సేస్, లొరైన్ ఫ్రాన్సుకు తిరిగి వెళ్లాయి. పోలండ్‌కు సముద్రం దాకా దారి ఇచ్చారు. 231వ అధికరణం యుద్ధ బాధ్యతను జర్మనీ, దాని మిత్రుల మీద మోపింది. 1921లో నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించారు. సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేశారు. కింది భాగంలో 1935లో నిర్బంధ సైనిక శిక్షణ, 1936లో రైన్‌లాండ్, 1938 మార్చిలో ఆస్ట్రియా విలీనం వస్తాయి. ఇదే పద్ధతిలో టర్కీతో 1920లో కుదిరిన సెవ్ర్ సంధికి పేజీ తెరిస్తే, ముస్తఫా కెమాల్ నాయకత్వంలోని ప్రతిఘటన దాన్ని చెల్లకుండా చేసి 1923లో లాసేన్‌లో కొత్త సంధి రాయించిందని తెలుస్తుంది. ఓడిన దేశం బల్ల ముందు కూర్చుని షరతులు మార్పించుకున్న అరుదైన సందర్భం అది.

తేదీలు కొన్నిచోట్ల తమంతట తామే జతకూడతాయి, అటువంటివి వదులుకోకండి. 1871 జనవరి 18న జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించినది వర్సెయిల్స్ అద్దాల మందిరంలో. పారిస్ శాంతి సమావేశం మొదలైనది 1919లో అదే జనవరి 18న. సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్యకు గురైనది 1914 జూన్ 28న, వర్సెయిల్స్ సంధి మీద అదే అద్దాల మందిరంలో సంతకాలు జరిగినది 1919 జూన్ 28న. 1918 నవంబరు 11న కాంపియేన్ అడవిలో జర్మన్లు యుద్ధ విరమణకు సంతకం చేసిన రైలు పెట్టెనే హిట్లర్ 1940 జూన్‌లో బయటికి తీయించి అందులో ఫ్రెంచివారి చేత సంతకం చేయించాడు. ఇవన్నీ కాకతాళీయాలు కావు. అద్దాల మందిరాన్నీ, రైలు పెట్టెనూ గెలిచినవారు పాత లెక్క సరిచేస్తున్నామని చూపించడానికే ఎంచుకున్నారు. ఈ ఒక్క వరుస తెలిస్తే ఆరు తేదీలు ఉచితంగా గుర్తుంటాయి.

మూడవ నడక: మిద్దె మీద ఐదుగురు

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు అనగానే సైనికవాదం, కూటములు, సామ్రాజ్యవాదం, జాతీయవాదం అనే నాలుగు మాటలు అందరూ అప్పగిస్తారు. ఆ నాలుగూ 1911లో కూడా ఉన్నాయి, 1912లో కూడా ఉన్నాయి, యుద్ధం మాత్రం 1914లోనే వచ్చింది. ఎందుకో తెలియాలంటే సారాయెవో హత్య నుంచి బ్రిటన్ యుద్ధం ప్రకటించిన ఆగస్టు 4 దాకా నడిచిన 37 రోజులను విడిగా చదవాలి. దీన్ని ఒంటరిగా చేయడం కంటే సాయంత్రం పూట రూము మిద్దె మీద ఐదుగురు కూర్చుని చేయడం మంచిది.

ఆస్ట్రియా, సెర్బియా, రష్యా, జర్మనీ, బ్రిటన్ అని ఐదుగురూ ఒక్కో దేశాన్ని పంచుకోండి. ఫ్రాన్సును రష్యా వేషం వేసినవారికే అదనంగా అప్పగించవచ్చు, 1894 నుంచి వారిద్దరిదీ ఒకే కూటమి. ఒకరు తేదీ చదవాలి, ఆ దేశం వంతు వచ్చినవారు తాము ఆ రోజు ఏం చేశారో, ఎందుకు చేశారో చెప్పాలి. జూలై 5, 6 తేదీల్లో జర్మనీ ఆస్ట్రియాకు ఏ షరతూ లేని హామీ ఇచ్చింది. జూలై 23న ఆస్ట్రియా సెర్బియాకు తుది హెచ్చరిక పంపింది. జూలై 25న సెర్బియా చాలా షరతులకు ఒప్పుకుంది గానీ, తన నేల మీద ఆస్ట్రియా అధికారులు విచారణ జరపడానికి మాత్రం ఒప్పుకోలేదు. 28న ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. 30న రష్యా పూర్తి సైనిక సమీకరణకు ఉత్తరువు ఇచ్చింది. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్సు మీద జర్మనీ యుద్ధం ప్రకటించింది. 4న జర్మన్ సైన్యం బెల్జియంలోకి ప్రవేశించడంతో బ్రిటన్ దిగింది.

ఆట అయ్యాక, తాము ఇంకో విధంగా నడుచుకుని ఉండగలిగే రోజు ఏదో ప్రతి ఒక్కరూ చెప్పాలి. వాదన వేడెక్కడం ఖాయం, కింద ఇంటి ఓనరు అరిచేదాకా వెళ్లకుండా చూసుకోండి. జర్మనీ వేషం వేసినవారు తమ సేనానుల పథకం ప్రకారం ముందు ఫ్రాన్సును బెల్జియం మీదుగా కొట్టి తర్వాత రష్యా వైపు తిరగాలి కాబట్టి, రష్యా సమీకరణ మొదలైన తర్వాత తమకు ఒక్కో రోజూ బరువేనని చెప్పుకోవలసి వస్తుంది. కూటములు యుద్ధాన్ని పెద్దది చేశాయి, రైల్వే కాలపట్టికలకు కట్టుబడిన సైనిక పథకాలు దాన్ని ఆపలేనిదిగా మార్చాయి అన్న తేడా అప్పుడు మనసుకెక్కుతుంది. ఇటలీ జర్మనీ, ఆస్ట్రియాలతో కలిసి మూడు రాజ్యాల కూటమిలో 1882 నుంచి ఉండి కూడా 1915లో అవతలి పక్షంలో చేరిందన్నది గుర్తుపెట్టుకుంటే, కూటములే యుద్ధాన్ని తెచ్చాయని గుడ్డిగా రాయకుండా ఉంటారు.

1914 నుంచి 1815 దాకా ఉన్న వందేళ్లను నాలుగు రోజుల్లో దాటవచ్చు. జర్మనీ ఏకీకరణకు బిస్మార్క్ చేసిన మూడు యుద్ధాలు (1864లో డెన్మార్కుతో, 1866లో ఆస్ట్రియాతో, 1870లో ఫ్రాన్సుతో), ఇటలీకి కవూర్, గారిబాల్డీ, మాజినీల వేర్వేరు దారులు, ఆఫ్రికా పంపకానికి 1884, 85 నాటి బెర్లిన్ సమావేశం చాలు. పారిశ్రామిక విప్లవానికి తేదీల పట్టిక వేయడం శుద్ధ దండగ. జేమ్స్ వాట్ పేటెంటు 1769, లివర్‌పూల్, మాంచెస్టర్ రైలు 1830 అన్న రెండు గుర్తులు ఉంచుకుని, బొగ్గు, పత్తి, కూలి, మార్కెట్టు ఒకదాన్నొకటి ఎలా లాగాయో ఒక పేజీ రాసుకోండి.

నాలుగవ నడక: విప్లవాలన్నిటికీ ఒకే ప్రశ్న

ఫ్రెంచి విప్లవానికీ, రష్యా విప్లవానికీ వేర్వేరు కారణాల జాబితాలు ఉంచుకున్నవారు పోల్చమని అడిగినప్పుడు రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చేతులు దులుపుకుంటారు. దానికి బదులు ప్రతి విప్లవాన్నీ ఒకే ప్రశ్నతో తట్టి చూడండి: ఆ రోజు సైనికుడు ఎవరి మాట విన్నాడు?

1905లో రష్యా అంతటా సమ్మెలు, తిరుగుబాట్లు చెలరేగినా సైన్యంలో అత్యధిక భాగం జారు (రష్యా చక్రవర్తి) పక్షాన నిలిచింది, జారు నిలిచాడు. 1917 ఫిబ్రవరిలో పెట్రోగ్రాడ్‌లోని దండు జనం మీద కాల్పులు మానేసి జనంలో కలిసింది, మూడు వందల ఏళ్ల వంశం కొద్ది రోజుల్లో పోయింది. 1848లో యూరప్ రాజధానులు ఒకదాని వెంట ఒకటి అట్టుడికాయి గానీ ఆస్ట్రియా, ప్రష్యా సేనలు రాజుల చేతుల్లోనే మిగిలాయి, ఏడాది తిరిగేసరికి పాత పాలకులు మళ్లీ కుదురుకున్నారు. 1789 జూలై 14న బాస్టిల్ ముందు ఫ్రెంచి గార్డు దళం వారు కొందరు ఫిరంగులతో సహా జనం పక్షాన చేరారు. ఆకలి, కోపం, కొత్త భావాలు అన్ని చోట్లా ఉన్నాయి, ఫలితాన్ని తేల్చినది తుపాకి తిరిగిన దిక్కు. ఈ ఒక్క ప్రశ్న సర్వరోగ నివారిణి అని నేను అనను గానీ, పోలిక రాయడానికి ఇంతకంటే గట్టి పట్టు నాకు దొరకలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రష్యాలో 1918 ఫిబ్రవరి దాకా పాత క్యాలెండరు నడిచింది, 20వ శతాబ్దంలో అది మన క్యాలెండరు కంటే 13 రోజులు వెనక ఉంటుంది. కాబట్టి అక్టోబరు 25న జరిగిన అక్టోబరు విప్లవం మనకు నవంబరు 7 అవుతుంది. రెండు తేదీలూ కలిపి రాయడం అలవాటు చేసుకోండి.

చివరగా 1789 దగ్గర, ఫ్రాన్సు రాజు 1614 తర్వాత ఎన్నడూ పిలవని ఎస్టేట్స్ జనరల్‌ను (మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభను) మే 5న ఎందుకు పిలిచాడని అడగండి. ఖజానా ఖాళీ అయింది. 1788 నాటి లెక్కల్లో ప్రభుత్వ ఖర్చులో సుమారు సగం అప్పులు తీర్చడానికే పోయింది. ఆ అప్పుల్లో పెద్ద వాటా, 1778 నుంచి అమెరికన్ల పక్షాన బ్రిటన్‌తో చేసిన యుద్ధానిది. ప్రభువులు, మతాధికారులు తమ పన్ను మినహాయింపులు వదులుకోలేదు, 1788లో పంట పోయింది, రొట్టె ధర పెరిగింది.

మన నేల మీద మేకులు

ఆ అమెరికా యుద్ధం చిత్తూరు దాకా వచ్చింది. ఫ్రాన్సు అమెరికాతో చేతులు కలపడంతో ఇక్కడ బ్రిటిష్‌వారు 1779లో ఫ్రెంచి స్థావరమైన మాహేను పట్టుకున్నారు. ఆ రేవు ద్వారా సరుకు, ఆయుధాలు తెప్పించుకునే హైదర్ అలీ 1780లో కర్ణాటక ప్రాంతం మీద విరుచుకుపడ్డాడు. ఆ యుద్ధం నడుస్తుండగానే 1782 డిసెంబరులో, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. మలబారు వైపు ఉన్న టిప్పు వచ్చేదాకా ఆ మరణాన్ని దాచిపెట్టారు. యూరప్‌లో 1783లో శాంతి కుదరగానే ఫ్రెంచివారు ఇక్కడ కూడా చేతులు ఎత్తేశారు, టిప్పు 1784లో మంగుళూరులో సంధి చేసుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం, ఫ్రెంచి ఖజానా, రెండవ మైసూరు యుద్ధం అనే మూడు పాఠాలు ఒకే తాడు మీద ఉన్నాయని ఈ ఒక్క ఊరి పేరు గుర్తు చేస్తుంది.

ఇటువంటి మేకులను ఒక పేజీ నిండా కొట్టుకోండి, వాటికి తగిలించిన తేదీలు జారవు. 1842లో నాంకింగ్ సంధితో మొదటి నల్లమందు యుద్ధం ముగిసింది, ఆ మరుసటి ఏడాది తిరుమల ఆలయ నిర్వహణ ఈస్టిండియా కంపెనీ చేతి నుంచి హాథీరాంజీ మఠం మహంతులకు వెళ్లింది. మహంతుల పాలన పోయి దేవస్థానం ఏర్పడినది 1933లో, హిట్లర్ పదవిలోకి వచ్చిన ఏడాది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవులో నూనె ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. తమిళంలో గట్టివాణ్ణి "ఎమ్డన్" అనడం అప్పటి నుంచి మిగిలిన మాట, సరిహద్దు పల్లెల వారికి ఇది విన్నదే. 1919 ఫిబ్రవరిలో పారిస్‌లో శాంతి సమావేశం జరుగుతుండగా ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో రవీంద్రనాథ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఈ స్థానిక వివరాలు జవాబు పత్రంలోకి దూర్చవద్దు, ప్రశ్న భారతదేశం గురించి అడిగితే తప్ప. అవి మీ జ్ఞాపకం కోసమే.

రాసి చూసుకోవడం

మూడవ వారమంతా రాయడానికే. రోజుకు రెండు ప్రశ్నలు తీసుకుని, ఒకటి 150 మాటల్లో, ఒకటి 250 మాటల్లో గడియారం పెట్టుకుని రాయండి. ప్రతి పేరాలో "తర్వాత" అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, వీలైన చోటల్లా దాన్ని "అందువల్ల"గా మార్చగలరేమో చూడండి. మార్చడానికి వీలు కాకపోతే ఆ రెండు సంఘటనల మధ్య మీకు తెలియని గొలుసు ముక్క ఒకటి ఉందని అర్థం, వెంటనే పుస్తకం తెరిచి వెదకండి. తెలుగు మాధ్యమంలో రాసేవారికి పేర్ల విషయంలో ఒక ఇబ్బంది ఉంది. వర్సెయిల్స్, వర్సాయి, వెర్సై అని ఒక్కో పుస్తకం ఒక్కో విధంగా రాస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని జవాబు పత్రం చివరిదాకా అదే రాయండి. నానాజాతి సమితి, ఐక్యరాజ్య సమితి అన్న రెండు పేర్లను తొందరలో తారుమారు చేయడం నేను దిద్దిన పత్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన తప్పు. మొదటిది 1920లో, రెండవది 1945లో వచ్చింది.

అట్లాసులో 1815, 1914, 1920 నాటి యూరప్ సరిహద్దులను పల్చటి కాగితం మీద గీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోవడం ఈ వారంలోనే, అలసిపోయిన సాయంత్రాల్లో చేయవలసిన పని. ఆస్ట్రియా, హంగరీ సామ్రాజ్యం ఉన్న చోట ఎన్ని కొత్త దేశాలు పుట్టాయో చేత్తో గీసినవారు మరచిపోరు.

పరీక్షకు ముందు రాత్రి దీపం ఆర్పేసి, 1945 నుంచి వెనక్కి, గొంతెత్తి, ఒక్కో సంఘటనకు ఒక్కో "ఎందుకంటే" చెప్పుకుంటూ రండి. ఎక్కడ నోరు ఆగిందో ఆ సంవత్సరాన్ని లేచి ఒక చీటీ మీద రాసుకుని పడుకోండి. తెల్లవారాక ఆ ఒక్క పేజీ మాత్రమే చదవండి, చీటీని పరీక్ష కేంద్రం గేటు బయటే పారేయడం మరచిపోకండి.